పైఫ్లోర్ నీళ్లు మన గదిలోకి కారుతుంటే: అద్దెకున్నవాళ్లకి ఉన్న హక్కు, దాన్ని వాడుకునే పద్ధతి

బెడ్‌రూమ్ సీలింగ్ కారుతోంది, ఓనర్ పట్టించుకోవట్లేదు అని మీరు రాసిన ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది అద్దె గొడవ కాదు. "ఫ్యాన్ కొక్కెం పక్కనుంచే చుక్కలు పడుతున్నాయి" అన్నారే, ఆ మాట. మిగతాది చదివే ముందు లేచి వెళ్లి ఆ గదికి పోయే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే స్విచ్) దించేయండి. స్లాబ్‌లోకి దిగిన నీళ్లకి కరెంటు పైపే సులువైన దారి. దాన్ని పట్టుకుని ఫ్యాన్ దగ్గరికో స్విచ్‌బోర్డు దగ్గరికో వచ్చేస్తాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి సరేననేదాకా ఆ గదిలో లైటు కూడా వెయ్యకండి. సీలింగ్ ఉబ్బినచోట కర్రతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే ఆ పెచ్చు ఏ రాత్రైనా ఊడిపడుతుంది. మంచం అక్కణ్ణుంచి తీసేయండి. పాపకి దగ్గు తగ్గట్లేదని కూడా రాశారు కదా, చెమ్మ ఆరి బూజు పోయేవరకు పాపని హాల్లోనే పడుకోబెట్టండి.

ఇక అసలు విషయం. నాకు అర్థమైనంతవరకు మీ పరిస్థితి ఇదీ. కూకట్‌పల్లిలో రెండో అంతస్తు ఫ్లాటు, నెలకు 18,000 అద్దె, రెండు నెలల అడ్వాన్స్. జూన్ నుంచి బెడ్‌రూమ్ సీలింగ్ తడుస్తోంది, పెచ్చులు రాలాయి, చెక్క బీరువా, పరుపు పాడైపోయాయి. బెంగళూరులో ఉన్న ఓనర్‌కి ఫోన్ చేస్తే "అది పైవాళ్ల బాత్‌రూమ్ లీకు, వాళ్లనే అడగండి" అన్నారు. పైవాళ్లేమో "మా ఇంట్లో లీకేం లేదు" అని తలుపేసుకున్నారు. గట్టిగా అడిగితే ఓనర్ "నచ్చకపోతే ఖాళీ చేయండి, పెయింటింగ్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటా" అన్నారు. ఇప్పుడు మీరడిగేది, రిపేరు చేయించేదాకా అద్దె ఆపేయొచ్చా అని.

ఆపకండి. హైదరాబాద్ సివిల్ కోర్టుల్లో ఇరవై ఏళ్లకు పైగా అద్దె కేసులు చూస్తున్నాను. న్యాయం పూర్తిగా తమవైపే ఉండి కూడా ఓడిపోయిన అద్దెదారుల్లో ఎక్కువమంది చేసిన తప్పు ఇదొక్కటే. అమీర్‌పేట వైపు ఒక కుటుంబం ఇలాగే గోడలు నాని, వంటగది వాడుకోలేని స్థితిలో ఐదు నెలలు అద్దె కట్టలేదు. ఓనర్‌కి ఒక్క ఉత్తరం కూడా రాయలేదు, అన్నీ ఫోన్ మాటలే. కోర్టుకొచ్చేసరికి కాగితం మీద కనిపించింది ఒక్కటే, ఐదు నెలల అద్దె బాకీ. లీకు గురించి వాళ్లు చెప్పిందంతా బాకీ ఎగ్గొట్టడానికి అల్లిన కథలా వినిపించింది. ఆ ఇల్లాలు నా ముందు కూర్చుని "మేం అబద్ధం చెప్పట్లేదు మేడమ్" అని ఏడ్చింది. అబద్ధం కాదని నాకు తెలుసు, కానీ కోర్టులో చూపించడానికి కాగితం లేదు. అందుకే ఎవరడిగినా ముందు ఇదే చెబుతాను. అద్దె నెలనెలా బ్యాంకు ద్వారా కట్టండి, ఫిర్యాదు రాతలో పెట్టండి.

"పైవాళ్లని అడగండి" అన్న మాట సంగతి చూద్దాం. మీరు అద్దె కడుతున్నది మీ ఓనర్‌కి, ఒప్పందం ఉన్నది ఆయనతో. నివసించడానికి పనికొచ్చే ఇల్లు మీకు అప్పగించి, మీరు అద్దె కడుతున్నన్నాళ్లు ఆటంకం లేకుండా ఉండనివ్వాల్సింది ఆయన. పై ఫ్లాటు నుంచి నీళ్లు కారితే దెబ్బతింటున్నది ఆయన ఆస్తి. పైవాళ్లతో తేల్చుకోవడం, అసోసియేషన్‌లో పంచాయితీ పెట్టించడం ఓనర్‌గా, అసోసియేషన్ సభ్యుడిగా ఆయన పని. అద్దెకున్నవాళ్లు అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్తే "మీరు సభ్యులు కాదు కదా" అని కూర్చోబెడతారు. ఆయన మాత్రం మిమ్మల్నే ముందుకి తోస్తారు. ఆ తిరుగుళ్లలో పడకండి. పైవాళ్లతో మర్యాదగా ఒకటి రెండుసార్లు మాట్లాడండి, అంతకు మించి ఆ బరువు మీరు మోయనక్కర్లేదు.

చట్టం ఏమంటుందో చెబుతాను, ఇక్కడ చాలామంది తప్పుగా చదువుతారు. మన అద్దె ఒప్పందాలకి ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అందులో 108వ సెక్షన్. దాని (ఎఫ్) క్లాజు ప్రకారం, ఓనర్ చేయించాల్సిన రిపేరు గురించి మీరు తెలియజేశాక తగినంత సమయంలో ఆయన చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు, లేదా ఆయన దగ్గర వేరేగా రాబట్టుకోవచ్చు. బలమైన హక్కే. అయితే "ఓనర్ చేయించాల్సిన రిపేరు" అన్న మాట ఊరికే పెట్టలేదు. ఏ రిపేరు ఎవరిదో ఆ సెక్షన్ జాబితా ఇవ్వదు. మీ అగ్రిమెంటు ఏం చెబుతుందో, స్థానికంగా ఆనవాయితీ ఏమిటో అదే ముందు చూస్తారు. సెక్షన్ మొదలయ్యేదే "వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు" అని.

కాబట్టి ఈ రాత్రికే అగ్రిమెంటు బయటికి తీయండి. మన దగ్గర స్టాంపు పేపర్ల షాపుల్లో అచ్చుగుద్దినట్టు ఒకటే నమూనా ఉంటుంది, అందులో ఎక్కడో ఒక లైను ఉంటుంది, చిన్న రిపేర్లు అద్దెదారువి, పెద్ద రిపేర్లు ఓనర్‌వి అని. అది ఉంటే మీ సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే స్లాబ్ తడవడం, పెచ్చులూడటం చిన్న రిపేరు అని ఏ కోర్టులోనూ ఒప్పించలేరు. "అన్ని రిపేర్లూ అద్దెదారే చేయించుకోవాలి" అని ఉంటే పని కాస్త కష్టమవుతుంది గానీ దారి మూసుకుపోదు. నల్లా వాచరు మార్చుకోవడం, స్విచ్ మార్చుకోవడం లాంటివాటికి రాసిన మాటని, మీ అడుగు కూడా పడని పై ఫ్లాటు బాత్‌రూమ్‌కి అంటగట్టడం కుదరదని వాదించడానికి బాగానే చోటుంది. అసలేమీ రాసి లేకపోతే 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టం మాటసాయం చేస్తుంది. దాని రెండో షెడ్యూలులో కట్టడం రిపేర్లు, పైపులు మార్చడం, గోడలకి సున్నం, లోపలా బయటా కరెంటు వైరింగ్ ఓనర్ వంతు. నల్లాలు, వాష్‌బేసిన్, గీజర్, స్విచ్‌లు, తాళాలు అద్దెదారు వంతు. ఇది రాష్ట్రాలకి ఇచ్చిన నమూనా మాత్రమే, దాని పేరు మీద మీరు కేసు వేయలేరు. కానీ ఎవరి పని ఏదో దేశమంతటా సబబుగా భావించేది ఇదీ అని ఓనర్‌కి చూపించడానికి చక్కగా పనికొస్తుంది.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా, రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్దామా అని కూడా అడిగారు. మీకు కుదరదు. 2005 సవరణతో కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దె ఇళ్లు ఆ చట్టం బయటికి వెళ్లిపోయాయి. నగరంలో ఇవాళ్టి ఫ్లాట్లన్నీ దాదాపు అలాంటివే. మీకు వర్తించేది ఆస్తి బదిలీ చట్టం, వెళ్లాల్సింది సివిల్ కోర్టుకి. కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లమని ఎవరైనా చెప్పినా వినకండి, మామూలు ఇంటద్దె గొడవ అక్కడ నిలవదు.

ఇంకో అపోహ. 108లోనే (ఇ) క్లాజు చూపించి "ఇల్లు పాడైతే లీజు రద్దు, వెంటనే వెళ్లిపోవచ్చు" అని చాలామంది రాస్తుంటారు. ఆ క్లాజు అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి ఆపలేని ఉపద్రవాల వల్ల ఇంటిలో ముఖ్యభాగం నాశనమైనప్పుడో, శాశ్వతంగా పనికిరాకుండా పోయినప్పుడో వర్తిస్తుంది. బాత్‌రూమ్ లీకు దాని కిందికి రాదు. దాన్ని నమ్మి తాళాలు వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్లిపోతే, నోటీసు పీరియడ్ అద్దె అంటూ అడ్వాన్స్ అంతా మింగేస్తారు.

నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి, సీలింగ్‌కి కొత్తగా పూత వేయించకండి. పైన తడి ఆగకుండా కింద పూసిన పెచ్చు మూణ్ణెల్లలో మళ్లీ ఊడుతుంది, ఆ ఖర్చు మినహాయించుకుంటానంటే ఓనర్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో తప్పు కూడా లేదు. మూలం కనుక్కోవడం మీరనుకున్నంత కష్టం కాదు. వానపడ్డ రోజుల్లోనే తడి పెరిగి ఎండలకి ఆరిపోతుంటే బయటి గోడ పగుళ్లో, సన్‌షేడ్ మీద నిలిచిన నీళ్లో అనుకోండి. వానతో, వేళతో పని లేకుండా ఇరవైనాలుగ్గంటలూ ఒకేలా కారుతుంటే పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉండే మంచినీళ్ల లైను పగిలినట్టు. పొద్దున్న స్నానాల వేళ అయ్యాక ఎక్కువై రాత్రికి తగ్గుతుంటే నహానీ ట్రాప్ (బాత్‌రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ) చుట్టూ సందో, టైల్స్ మధ్య జాయింట్లు పోవడమో. మీరు "పదింటికల్లా ఎక్కువవుతోంది" అని రాశారు కాబట్టి నా అనుమానం మూడోదాని మీదే ఉంది.

పైవాళ్లు ఒక్క ఆదివారం సహకరిస్తే తేలిపోతుంది. ఒక రోజంతా ఆ బాత్‌రూమ్ వాడకుండా ఆపి కింద తడి తగ్గిందేమో చూడాలి. తర్వాత ట్రాప్‌కి గుడ్డ కుక్కి, నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, అందులో కాస్త నీలిమందు కలపాలి. మీ సీలింగ్‌లో నీలం రంగు దిగితే ఇక వాదన ఉండదు. నీలిమందుకయ్యే ఖర్చు, కేసు వేశాక కోర్టు తరఫున ఇల్లు చూడ్డానికి వచ్చే కమిషనర్‌కి కట్టే ఫీజు కంటే చాలా తక్కువ. వాళ్లు ఒప్పుకోకపోతే, ఫలానా తేదీన అడిగాం, ఒప్పుకోలేదు అని రాసిపెట్టుకోండి. ఆ నిరాకరణ కూడా సాక్ష్యమే. పక్కనున్న నిలువు డ్రైనేజీ పైపు పగిలితే మాత్రం అది అందరి ఉమ్మడి ఆస్తి, మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి అసోసియేషనే చేయించాలి.

మీ బిల్డింగ్ వయసెంతో రాయలేదు. రెరా (బిల్డర్ల ప్రాజెక్టుల్ని అదుపుచేసే చట్టం) కింద రిజిస్టరైన ప్రాజెక్టై, ఫ్లాటు అప్పగించి ఐదేళ్లు దాటకపోతే ఓనర్‌కి ఇది శుభవార్త. రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం కట్టడంలో, పనితనంలో బయటపడ్డ లోపాన్ని ఐదేళ్లలోపు చెబితే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ ఫిర్యాదు ఇల్లు కొన్నవాళ్లే పెట్టాలి, మీరు పెట్టలేరు. కానీ ఈ మాట మీ ఓనర్ చెవిన వేయండి. రూపాయి ఖర్చు లేకుండా పనవుతుందని తెలిశాక మనిషి గొంతు మారడం నేను చాలాసార్లు చూశాను.

ఇక ఉత్తరం. లాయర్ నోటీసుతో మొదలుపెట్టకండి, దాంతో అవతలివాళ్లు బిగుసుకుపోతారు. మొదటిది మీరే, మర్యాదగా, తెలుగులోనే రాయండి. ఇలా ఉంటే చాలు:

"నమస్కారమండీ. మీ ఫ్లాటులో ఫలానా తేదీ నుంచి అద్దెకుంటున్నాం. జూన్ ఫలానా తేదీ నుంచి బెడ్‌రూమ్ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఈ విషయం ఫలానా తేదీల్లో మీకు ఫోన్లో, వాట్సాప్‌లో చెప్పాం. ఫలానా తేదీన పెచ్చులు రాలి బీరువా, పరుపు పాడయ్యాయి. ఫ్యాన్ దగ్గర నీళ్లు కారడం వల్ల కరెంటు ప్రమాదం ఉంది. ఫొటోలు జతచేశాం. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో లీకు మూలం కనుక్కుని సరిచేయించవలసిందిగా కోరుతున్నాం. ప్లంబర్, మేస్త్రీ వస్తే ఇంట్లోకి రానివ్వడానికి మేం ఏ రోజైనా సిద్ధం. అద్దె క్రమం తప్పకుండా కడుతూనే ఉంటాం. ఈ గడువులోపు చేయించకపోతే ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం మాకున్న హక్కులు వాడుకోవలసి వస్తుంది."

ఇందులో "రానివ్వడానికి సిద్ధం" అన్న వాక్యం తప్పనిసరిగా పెట్టండి. అవతలివాళ్లు కోర్టులో మొదట అనేది "మేం మనిషిని పంపితే తలుపు తీయలేదు" అనే. 15 రోజులు అని చట్టంలో లేదు, చట్టం అడిగేది "తగినంత సమయం". మామూలు లీకైతే 15 రోజులు సబబు, మీ ఇంట్లోలా కరెంటు ప్రమాదం ఉన్నచోట ఆ 15 బదులు వారమే ఇచ్చినా తప్పుబట్టరు. అగ్రిమెంటులో ఉన్న అడ్రసుకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టు అని అడగకండి, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. డెలివరీ అయినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా అడిగి పంపండి. అదే ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో కూడా పంపండి. ఓనర్ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడ మామగారికో తమ్ముడికో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినవాళ్లు మన ఊళ్లలో చాలామంది. అలాంటప్పుడు ఇద్దరికీ పంపాలి.

వాట్సాప్ మాటలు సాక్ష్యంగా పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వాటితోపాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అది మీ లాయర్ చూసుకుంటారు. మీరు చేయాల్సింది ఆ ఫోన్ అమ్మేయకుండా, చాట్ చెరిపేయకుండా ఉండటం. ఫొటోలు రోజూ ఒకే చోట నిలబడి తీయండి, మరక పెరగడం తెలియాలి. పాడైన వస్తువులు ఫొటో తీయకుండా, బిల్లులు వెతకకుండా పారేయకండి.

బీరువా, పరుపు నష్టం విషయంలో నిజాయితీగా ఒక మాట చెప్పాలి. లీకు ఉందని ఓనర్‌కి తెలియకముందు పాడైనదానికి పరిహారం రావడం కష్టం. తెలిసి కూడా పట్టించుకోకపోవడం వల్ల పాడైనదానికి అడిగే బలం వస్తుంది. అందుకే మీరు ఎప్పుడు చెప్పారన్న తేదీ మీద ఇంత పట్టుబడుతున్నాను. పైవాళ్ల నిర్లక్ష్యం తేలితే వాళ్లని కూడా మీరు నేరుగా పరిహారం అడగొచ్చు. ఆ ఇంట్లో కాపురం ఉంటున్నది మీరు కాబట్టి మీ సుఖానికి భంగం కలిగించినందుకు ఆ హక్కు మీకుంది, ఓనర్ కానక్కర్లేదు.

గడువు దాటింది, జవాబు లేదు అనుకుందాం. రిపేరు మీ గోడలోనో, మీ ఫ్లాటు పైపులోనో అయితే ఇద్దరు మేస్త్రీల దగ్గర రాతలో కొటేషన్ తీసుకోండి, తక్కువది ఓనర్‌కి పంపండి, నాలుగైదు రోజులు ఆగి చేయించండి. బిల్లు, పనికి ముందు, పని జరుగుతున్నప్పుడు, తర్వాత ఫొటోలు. ఖర్చు 14,000 అయిందనుకోండి, ఒక్క నెలలోనే పట్టుకోవాలన్న ఆత్రం వద్దు. నమూనా చట్టం నెల అద్దెలో సగానికి మించి మినహాయించొద్దంటుంది, మీకు అది వర్తించకపోయినా ఆ లెక్క పాటించమనే నేను చెబుతాను. ఒక నెల 9,000, మరుసటి నెల 5,000 తగ్గించి, మిగతాది తేదీ తప్పకుండా పంపండి, ఎందుకు తగ్గిందో ఆ రోజే మెసేజ్ పెట్టండి. అలా చేసినవాళ్లని అద్దె ఎగ్గొట్టారని ఎవరూ అనలేరు.

మీ కేసులో మూలం పై బాత్‌రూమ్‌లో ఉందని నా అనుమానం, అక్కడికి మీరు మేస్త్రీని పంపలేరు. అప్పుడు మినహాయింపు దారి మీకు పెద్దగా పనికిరాదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. కేసు వేయకముందే ఓనర్‌ని, పైవాళ్లని ఇద్దర్నీ పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టమని ఒక అర్జీ ఇస్తే చాలు, కోర్టు ఫీజు ఉండదు. మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని కూడా ఉచితంగా ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. కాబట్టి అర్జీ మీ పేరు మీదే పెట్టండి. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలుండదు. కోర్టు కాగితం ఇంటికి రాగానే "మాకు లీకు లేదు" అన్నవాళ్లే ప్లంబర్‌ని పిలిపించడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. అక్కడా తెగకపోతే సివిల్ దావా, అందులో అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు నియమించే లాయర్) ఇంజినీరుతో కలిసి వచ్చి చూసి రిపోర్టు ఇమ్మని అడగొచ్చు. అది నెలల పని. చిన్నపాపతో అంతకాలం ఆ తడిలో ఉండమని నేను చెప్పను.

ఖాళీ చేయాలనే అనిపిస్తే అదీ పద్ధతిగా. మీ 11 నెలల అగ్రిమెంటు గడువు దాటిపోయి ఊరికే కొనసాగుతుంటే అది నెలనెలా అద్దె కింద లెక్క, 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. గడువు ఇంకా ఉంటే అందులో రాసిన నోటీసు పీరియడ్, లాక్-ఇన్ (ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస కాలం) చూడండి, లీకు కారణంగా ఆ షరతు వదులుకోమని ఓనర్‌ని ముందు రాతలో అడగండి. ఆయన తాళాలు మార్చడం, నీళ్లు కరెంటు ఆపడం లాంటివి చేస్తే భయపడకండి. బలవంతంగా బయటికి గెంటితే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద స్వాధీనం తిరిగి అడగొచ్చు, ఆ కేసులో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు.

పెయింటింగ్ డబ్బుల మాట. వాడుక వల్ల సహజంగా వచ్చే అరుగుదలకి మీరు బాధ్యులు కాదని 108వ సెక్షన్ (ఎం) క్లాజు చెబుతుంది, పైనుంచి కారిన నీళ్ల మరకలకి అసలే కాదు. అగ్రిమెంటులో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఇంత అని రాసి ఉంటే మాత్రం ఆ మొత్తం వరకు ఇవ్వాల్సిందే, తడిసిన సీలింగ్ రిపేరు దాంట్లో కలపనివ్వకండి. తాళాలిచ్చే రోజు ఓనర్ తరఫు మనిషిని పిలిచి ప్రతి గదీ వీడియో తీయండి. "ఇల్లు అప్పగించారు, ఇంత అడ్వాన్స్ తిరిగివ్వాలి" అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాకే తాళాలు చేతికివ్వండి.

ఉత్తరం రాశాక ఇక్కడ పెట్టండి, పంపేముందు చూసి చెబుతాను. ఎలక్ట్రీషియన్ ఏమన్నాడో కూడా రాయండి.